ఉద్దానం అంగన్‌వాడీల్లో ఆరోగ్యపు అలవాట్లు: ఊరి సాయం ఎక్కడ కావాలి?

మూడేళ్ల పిల్లలకు చేతులు కడుక్కోవాలని చెప్పడం వేరు, రోజూ కడిగించడం వేరు. చెప్పడం ఒక్క పూటలో అయిపోతుంది. కడిగించాలంటే నీళ్లు కావాలి, సబ్బు కావాలి, పక్కన నిలబడే ఓపికగల మనిషి కావాలి. అదీ నెలల తరబడి కావాలి. బడి వయసు రాని పిల్లలకు ఆరోగ్యపు అలవాట్లు నేర్పడంలో ఊరివాళ్ల స్వచ్ఛంద సేవ ఎంతవరకు అక్కరకొస్తుందన్నది ఈ తేడాను గుర్తించడం మీదే ఆధారపడి ఉంది. పలాస, టెక్కలి మొదలు ఇచ్ఛాపురం దాకా సముద్రం వెంట సాగే శ్రీకాకుళం తీరంలో ఈ విషయానికి మిగతా చోట్ల కంటే బరువెక్కువ.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విస్తరించినది ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనిపించే ఈ నేలను కొన్ని దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తోంది. వేర్వేరు వైద్య బృందాలు చేసిన సర్వేల్లో పెద్దవాళ్లలో ఐదో వంతుకు దగ్గరగా దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి బయటపడింది. వారిలో ఎక్కువ మందికి మధుమేహం వంటి తెలిసిన కారణమేదీ లేదు. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో ఒళ్లొంచి చేసే పని, విచ్చలవిడిగా వాడే నొప్పి మాత్రలు అంటూ అనుమానాలు చాలా ఉన్నాయి. రుజువైన కారణం మాత్రం ఇంతవరకు లేదు. కాబట్టి అంగన్‌వాడీలో నేర్పే అలవాట్లు ఈ జబ్బును ఆపుతాయని ఎవరూ హామీ ఇవ్వకూడదు. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రి చుట్టూ తిరిగే మనిషి ఉన్న ఇంట్లో అలాంటి మాట చెబితే అది అబద్ధమే కాదు, క్రూరత్వం కూడా.

ఆ అలవాట్లు ఆపగలిగినవి వేరే ఉన్నాయి. విరేచనాలు, నులిపురుగులు, గజ్జి, పుచ్చుపళ్లు, కొంతమేరకు రక్తహీనత. ఇవేమీ చిన్న విషయాలు కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు వారిలో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. పదేపదే విరేచనాలయ్యే బిడ్డకు గుడ్డు పెట్టినా, పాలు పోసినా ఒంటబట్టదు. అంగన్‌వాడీ తిండి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు ఫలించాలంటే ఆ తిండి ముట్టే చేయి శుభ్రంగా ఉండాలి.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా అంగన్‌వాడీలున్నాయి. ఈ వ్యవస్థ వెనక స్వచ్ఛంద సేవ చరిత్ర పెద్దదే. మహారాష్ట్రలోని కోస్బాడ్‌లో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ ఆదివాసీ పిల్లల ముంగిటికే బడిని తీసుకువెళ్లారు. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి 1953లో తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ హయాంలో పల్లెల్లో బాలవాడీలు నడిపే పని ఊపందుకుంది. శ్రీకాకుళం నేలకు ఇంకా పాత వారసత్వం ఉంది. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, సొంత డబ్బు పెట్టి బడులు నడిపారు. పిల్లల దగ్గరికి వెళ్లేవారు ముందు ఆ పిల్లల మాట నేర్చుకోవాలన్న ఆయన పద్ధతి మందస కొండల్లోని సవర ఊళ్లకు, ఒడియా మాట్లాడే ఇచ్ఛాపురం, సోంపేట ఇళ్లకు ఈనాటికీ వర్తిస్తుంది. ఇంట్లో ఒడియా వినే నాలుగేళ్ల పాపకు తెలుగులో చెప్పిన శుభ్రత పాఠం సగమే చేరుతుంది. ఆ భాష వచ్చిన పక్కింటి పిన్ని వారానికి ఒకటి రెండు రోజులు సెంటర్‌లో కూర్చుంటే మిగతా సగమూ చేరుతుంది.

అలవాటు కుదరడానికి ఎంత కాలం పడుతుందో లెక్క చూసిన అధ్యయనాలు ఉన్నాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక చిన్న పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి మూడు వారాల్లోపే కుదిరితే, మరికొందరికి ఎనిమిది నెలలు పడుతుందని అంచనా వేశారు. అది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం. చిన్నపిల్లలకు ఆ లెక్క ఉన్నదున్నట్టు సరిపోదు. అయినా ఒక సంగతి మాత్రం తేటతెల్లం. ఒకే చోట, ఒకే వేళకు, ఒక పనికి ముడిపడి రోజూ జరిగినదే అలవాటవుతుంది. అక్టోబర్ 15న ప్రపంచ చేతుల శుభ్రత దినం, సెప్టెంబర్‌లో పోషణ మాసం, ఎన్‌ఎస్‌ఎస్ వారి ఏడు రోజుల శిబిరం మంచివే. కానీ ఏడు రోజుల్లో ర్యాలీ జరుగుతుంది, బ్యానర్ కడతారు, పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్లు పంచుతారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం అన్నం వేళకు ఆ సెంటర్‌లో ఎవరు నిలబడ్డారన్నదే అసలు ప్రశ్న.

ఆ మధ్యాహ్నాన్ని దగ్గరగా చూడాలి. సెంటర్‌లో ఇరవై మంది పిల్లలున్నారనుకుంటే, ఒక్కొక్కరు సబ్బుతో చేతులు కడుక్కోవడానికి అర లీటరు నీళ్లు పడతాయి. తినేముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, మట్టిలో ఆడొచ్చాక కలిపి రోజుకు మూడుసార్లు అనుకున్నా 30 లీటర్లు. అంటే రెండు పెద్ద బిందెలు. వంటకు, తాగడానికి, గిన్నెలకు, మరుగుదొడ్డికి కావలసిన నీళ్లు ఇవి కాక. ప్రాంగణంలో కుళాయి లేని చోట ఆ బిందెలు మోసేది ఆయా. ఆమె అన్నం వార్చాలి, పప్పు తాలింపు పెట్టాలి, నిద్రపోయిన పిల్లను పక్కకు జరపాలి, ఏడ్చేవాణ్ని ఎత్తుకోవాలి. టీచర్‌కు ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నింపే పని ఉంటుంది. అటువంటి పూట ఇరవై మందిని వరసలో నిలబెట్టి వేళ్ల సందులు, గోళ్ల కిందా రుద్దించడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. చివరికి ఒకే పళ్లెంలో నీళ్లు పోసి, అందరి చేతులూ అందులో ముంచి తీస్తారు. పిల్లలు దాన్నే కడుక్కోవడమని నేర్చుకుంటారు.

ఈ ఒక్క అరగంటలో ఊరి నుంచి ఒక మనిషి తోడుంటే పరిస్థితి మారుతుంది. ఆ మనిషి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఒక బిందె నీళ్లు తెచ్చి, చెంబుతో ధారగా పోస్తూ, తనూ పిల్లలతో పాటు చేతులు రుద్దుకుంటే చాలు. తీరప్రాంత ఊళ్లలో పాత వల ముక్కలకు కొదవ లేదు. ఒక ముక్కలో సబ్బు బిళ్లను మూటకట్టి పిల్లలకు అందే ఎత్తులో వేలాడదీస్తే అది మట్టిలో పడదు, కాకి ఎత్తుకుపోదు, వలతోనే రుద్దుకోవచ్చు. కుళాయి లేని చోట ఐదు లీటర్ల నూనె డబ్బాకు చిల్లు పెట్టి, కర్రకు వేలాడదీసి, కాలితో తాడు తొక్కితే వంగేలా కడితే పిల్లలు తమంతట తామే కడుక్కుంటారు. అది వాళ్లకు ఆట కూడా. సబ్బుతో చేతులు కడిగించే కార్యక్రమాలు పిల్లల్లో విరేచనాలను సుమారు 30 శాతం తగ్గిస్తాయని వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. బిళ్ల సబ్బు, పాత డబ్బా, అరగంట శ్రమతో ఇంత ఫలితం ఇచ్చే పని మరొకటి దొరకడం కష్టం.

వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం 2023 డిసెంబర్ 14న ప్రారంభమైంది. అదే రోజు పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా మొదలయ్యాయి. బోరు నీటి మీద దశాబ్దాలుగా ఉన్న భయానికి ఈ నీటి పథకం పెద్ద ఊరట. అయితే ఊరికి నీళ్లు రావడం వేరు, అంగన్‌వాడీ గోడకు పిల్లల నడుమెత్తులో ఒక కుళాయి ఉండటం వేరు. పంచాయతీ తలచుకుంటే ఒక్క రోజులో అయ్యే పని ఇది. స్వచ్ఛంద సేవకుల బృందం ఏదైనా ఊళ్లో అడుగుపెడితే మొదట అడగవలసింది ఈ కుళాయి గురించే.

ఉద్దానం పిల్లలకు ప్రత్యేకంగా నేర్పవలసినవి మరికొన్ని ఉన్నాయి, అవి పాఠ్యప్రణాళికలో దొరకవు. మాత్రల సంగతి వాటిలో మొదటిది. పొద్దంతా తోటలోనో, బట్టీ దగ్గరో, పడవ మీదో ఒళ్లు హూనం చేసుకున్న పెద్దలు సాయంత్రం కిరాణా కొట్లోనో, ఊరి ఆర్‌ఎంపీ దగ్గరో నొప్పి మాత్ర తెచ్చుకుని వేసుకుంటారు. ఆ మాత్రలు కిడ్నీలకు చేటని నెఫ్రాలజిస్టులు మొత్తుకుంటున్నారు. రోజూ అది చూసే పిల్లలకు మాత్ర కూడా చాక్లెట్ లాంటిదే అనిపిస్తుంది. మందు డాక్టరు చెబితేనే, అమ్మ చేతి నుంచే అనే మాట నాలుగేళ్లకే ఆటలో భాగంగా నేర్పవచ్చు. ఆ ఆట ఇంటికెళ్లి తాత ముందు ఆడితే, ఏ కరపత్రం కంటే గట్టిగా తగులుతుంది.

జీడి పని ఇంకొకటి. పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో పప్పు ఒలిచే పనికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పొద్దున్నే బిడ్డను సెంటర్‌లో దింపి పనికి పోతారు. పచ్చి జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది. పిక్కలు రాశి పోసిన పెరట్లో ఆడుకునే పిల్లలకు దాన్ని ముట్టకూడదని, ముట్టిన చేయి నోట్లోనో కంట్లోనో పెట్టకూడదని నేర్పడం ఇక్కడి శుభ్రత పాఠంలో తప్పనిసరి భాగం. పలాసకు వెలుపల అచ్చయ్యే ఏ బొమ్మల పుస్తకంలోనూ ఈ పాఠం ఉండదు. ఊరివాళ్లే చెప్పాలి.

పొగాకు మూడోది. శ్రీకాకుళం తీరంలో చుట్టను మండే కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ ఆడవాళ్లలో చాలాకాలంగా ఉన్న అలవాటు. అంగిటి క్యాన్సర్‌కు దారితీసేదిగా దాన్ని వైద్యశాస్త్రం 1960ల నుంచే గుర్తించింది. సరిహద్దు అవతల ఒడిశాలో పళ్లకు రుద్దుకునే గుడాఖు కూడా పొగాకుతో చేసిందే. తల్లిదండ్రులు హైదరాబాద్, చెన్నై, వెరావల్ వలస వెళ్లిన ఇళ్లలో పిల్లలను పెంచేది నాయనమ్మలు, అమ్మమ్మలు. పిల్ల పళ్లు తోమే చేయి, చుట్ట వెలిగించే చేయి ఒకటే. అందుచేత ఇక్కడ పళ్లు తోమే పాఠం పిల్లతో మొదలై ముసలమ్మ దాకా వెళ్లకపోతే ప్రయోజనం లేదు. ఆరేళ్లలోపు పిల్లలకు బ్రష్ పట్టే నేర్పు సరిగా రాదు కనుక, రాత్రి పడుకునే ముందు పెద్దవాళ్లు పక్కన కూర్చుని తోమించాలన్నది దంతవైద్యుల మాట. ఆ పెద్దవాళ్లెవరో తెలుసుకుని వాళ్లకే చెప్పాలి.

ముసలివాళ్ల అలవాట్లు మారవన్న నిరాశకు ఈ జిల్లాలోనే జవాబుంది. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారిపై జరిగిన అధ్యయనం 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. పరిశోధకులు ఏటా ఇంటికి వెళ్లి నోరు పరీక్షించారు, ఎదురుగా కూర్చుని పొగాకు మానమని చెప్పారు, ఊళ్లో సినిమాలు, పోస్టర్లు తోడు చేసుకున్నారు. ఐదేళ్లకు పొగాకు మానినవాళ్లు, తగ్గించినవాళ్లు ఆ సలహా అందని బృందంలో కంటే గణనీయంగా ఎక్కువగా తేలారు. ఇంటికి మళ్లీ మళ్లీ రావడమే ఆ పనిలో ప్రాణం. ఒక్కసారి వచ్చి పోయేవారి మాటకు ఊళ్లో విలువ ఉండదు.

తిండి విషయంలో ఉద్దానానికి లోటు లేదు, చెడగొట్టేది కొట్లో వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్. చోడి అంబలి, కొబ్బరి ముక్క, పనస తొన, చిన్న చేపలు ఇంటి చుట్టుపక్కలే దొరుకుతాయి. వలస డబ్బు చేతికొచ్చాక పిల్లల ఏడుపు మాన్పడానికి ప్యాకెట్, ఫోన్ రెండూ సులువైన దారులయ్యాయి. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలే ఆటల్లో ఉండాలని, తెర ముందు కూర్చోవడం గంటకు మించకూడదని, పది నుంచి పదమూడు గంటలు నిద్రపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తీరం వెంట ఊరికి ఆటస్థలం కొరత లేదు. పిల్లల వెంట ఉండే పెద్దమనిషి కొరతే ఉంది.

మరి ఆ మనిషి ఎవరు? కాలేజీ విద్యార్థుల పేరే ముందు వినిపిస్తుంది. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు, అంటే ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. వారానికి రెండు గంటల చొప్పున 40 వారాలు ఒకే అంగన్‌వాడీకి వెళ్లినా 80 గంటలే అవుతుంది. గంటలు చాలినన్ని ఉన్నాయి, వేళ కుదరడమే కష్టం. సెంటర్ నడిచే వేళే కాలేజీ నడుస్తుంది. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం కళాశాలలు టైమ్‌టేబుల్‌లో వారానికొక పూట ఇందుకు వదిలిపెడితే తప్ప ఇది సాగదు. అదీ ఏడాది పొడవునా అదే సెంటర్‌కు అదే విద్యార్థి వెళ్లేలా ఉండాలి. మూడేళ్ల పిల్లలకు వారం వారం కొత్త ముఖం వస్తే బెరుకు తీరేలోపే ఏడాది గడుస్తుంది.

విద్యార్థుల కంటే దగ్గరి మనుషులు ఊళ్లోనే ఉన్నారు. డ్వాక్రా సంఘాల మహిళలు, రిటైరైన టీచర్లు, నర్సులు, మనవలను దింపడానికి సెంటర్‌కు వచ్చే అమ్మమ్మలు. పదిమంది తల్లులు, అమ్మమ్మలు వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి నెలకు రెండు మూడు అరగంటలే పడతాయి. నువ్వలరేవు, మంచినీళ్లపేట వంటి మత్స్యకార గ్రామాల్లో తండ్రులకూ ఒక కాలం ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మరపడవలన్నీ ఒడ్డునే ఉండే ఆ రోజుల్లో తండ్రి బిడ్డతో కలిసి చేతులు కడిగి అన్నానికి కూర్చుంటే, ఆ దృశ్యం బిడ్డ మనసులో నాటుకుంటుంది. పిల్లల పెంపకం ఆడవాళ్ల పనేనన్న అలవాటు కూడా మారవలసినదే.

ఈ తీరానికి సేవాభావం కొత్త కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు నలుమూలల నుంచి వచ్చినవారు నీళ్లు, బియ్యం, కొవ్వొత్తులు పంచారు. ఆపదలో వచ్చే సాయం అలాగే ఉంటుంది, ఉప్పెనలా వస్తుంది, తగ్గిపోతుంది. పిల్లల అలవాట్లకు కావలసింది తక్కువగా వచ్చినా ఆగకుండా వచ్చే సాయం. 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ వాలంటీర్ల వ్యవస్థలో 50 ఇళ్లకు ఒకరు చొప్పున మనిషి ఉన్నా, వారి పని ప్రధానంగా పింఛన్లు, పథకాల చుట్టూనే తిరిగింది. పిల్లల సంగతి అందులో లేదు. 2024 తర్వాత ఆ వ్యవస్థే నిలిచిపోయింది. ప్రభుత్వం మారితే ఆగిపోని ఏర్పాటు ఊరి చేతిలోనే ఉండాలి.

స్వచ్ఛంద సేవకు ఒక గీత కూడా గీయాలి. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు ఇప్పటికే గౌరవ వేతనం పేరుతో తక్కువ జీతానికి చాకిరీ చేస్తున్నారు. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజుల పాటు రాష్ట్రమంతా సమ్మె చేసింది ఆ బాధతోనే. ఆ సమ్మె మీద ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. ఊరివాళ్లు ఉచితంగా చేస్తున్నారు కదా అని ఆయా పోస్టు ఖాళీగా వదిలేయడానికి స్వచ్ఛంద సేవ సాకు కాకూడదు. సేవకులు టీచర్ చేతికింద పనిచేయాలి, ఆమె మీద పెత్తనం చేయకూడదు. పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. మరుగుదొడ్డికి తీసుకువెళ్లడం, బట్టలు మార్చడం టీచరో ఆయానో చేయాలి. దగ్గు, జ్వరం ఉన్న రోజు రాకూడదు. పిల్లల ముఖాలు ఫోన్‌లో తీసి పంచకూడదు. ఫొటో కోసం జరిగే సేవ ఫొటోతోనే ఆగిపోతుంది.

పని జరుగుతోందా లేదా అన్నది హాజరు పట్టీలో సంతకాల వల్ల తెలియదు. అన్నం గంట కొట్టాక, ఎవరూ చెప్పకుండా సబ్బు దగ్గరికి ఎంతమంది పిల్లలు వెళ్లారో నెలకొకసారి లెక్కపెడితే తెలుస్తుంది. విరేచనాలతో సెంటర్‌కు రాని పిల్లల సంఖ్య టీచర్ రిజిస్టర్ నుంచే తీయవచ్చు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జరిగే నులిపురుగుల నివారణ దినాల్లో ఎవరికి మాత్ర అందలేదో చూసి, ఆ ఇంటికి ఆశా కార్యకర్తతో కలిసి వెళ్లడం సేవకులు సులువుగా చేయగల పని. ఈ మూడు లెక్కలు గ్రామసభలో చదివి వినిపిస్తే చాలు. పెద్ద నివేదికలు అక్కర్లేదు.

ఉద్దానంలోనూ, టెక్కలి చుట్టుపక్కలా ఉన్న ప్రతి పంచాయతీ రానున్న విద్యా సంవత్సరానికి ముందే తన పరిధిలోని ఒక్కో అంగన్‌వాడీకి పిల్లల ఎత్తులో ఒక కుళాయి, ఏడాదికి సరిపడా సబ్బు, వంతులు వేసుకునే పదిమంది పేర్లు సిద్ధం చేయాలి. కళాశాలల ప్రిన్సిపాళ్లు వారానికొక పూట విద్యార్థులను వదలాలి. ఇందులో ఏ పనికీ కొత్త పథకం గానీ, రాజధాని నుంచి ఉత్తర్వు గానీ అవసరం లేదు.